పాత మార్కుల జాబితా తలరాత కాదు

పదో తరగతి, ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వారంలో మన బస్తీల్లో కొన్ని ఇళ్లవారు మిఠాయి పంచుతారు. కొన్ని ఇళ్లలో తండ్రి భోజనం దగ్గర కూడా మాట్లాడడు. తక్కువ మార్కులు వచ్చినవాడు కొడుకైతే "వీడికి చదువు అబ్బదు, దుకాణంలో కూర్చోబెట్టండి" అని చాచా తీర్పు చెబుతాడు. కూతురైతే "ఇంకా చదివించడం ఎందుకు, సంబంధం చూడండి" అని ఖాలా సలహా ఇస్తుంది. అలాంటి పిల్ల "నేను పళ్ల డాక్టరు కావాలనుకుంటున్నాను" అని నోరు తెరిస్తే నలుగురూ నవ్వుతారు. పదిహేనేళ్ల వయసులో చేతికొచ్చిన ఒక కాగితాన్ని చూసి మనిషి జీవితాన్నంతా నిర్ణయించడం న్యాయమేనా? తల్లిదండ్రులు నిదానంగా ఆలోచించవలసిన విషయమిది.

దంతవైద్య కళాశాలలో సీటు ఎలా వస్తుందో తెలుసుకోకుండానే ఎన్నో కుటుంబాలు ఆశ వదులుకుంటున్నాయి. మరికొన్ని కుటుంబాలు అదే తెలియక దళారుల చేతిలో డబ్బు పోసి మోసపోతున్నాయి. అందువల్ల ముందుగా నియమాలేమిటో చూద్దాం.

ఏ మార్కులు లెక్కకు వస్తాయి?

బి.డి.ఎస్. కోర్సులో ప్రవేశానికి నేడు దేశమంతటికీ ఒకే పరీక్ష ఉంది. అదే నీట్. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2017 నుంచి వైద్య, దంతవైద్య సీట్లు దీని ర్యాంకుతోనే భర్తీ అవుతున్నాయి. ఎంసెట్ ద్వారా ఈ సీట్లు ఇచ్చిన చివరి సంవత్సరాల్లో ర్యాంకు కట్టేటప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. నీట్‌లో అలాంటి వెయిటేజీ లేదు. పదో తరగతి మార్కులను పుట్టిన తేదీ కోసం చూస్తారే తప్ప ర్యాంకు కోసం చూడరు.

ఇంటర్ మార్కులు అర్హత వరకే పనికొస్తాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడింటిలో కలిపి జనరల్ అభ్యర్థులకు 50 శాతం, బి.సి., ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు 40 శాతం ఉండాలి. ఈ మూడింటిలో విడివిడిగానూ, ఇంగ్లీషులోనూ పాస్ కావాలి. అంతకంటే తక్కువ వచ్చినవారు ఇంటర్ బోర్డు నిబంధనల ప్రకారం ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష రాసుకోవచ్చు. అర్హత గీత దాటిన తరువాత 55 శాతం వచ్చిన పిల్లకూ 95 శాతం వచ్చిన పిల్లకూ నీట్ హాలులో తేడా లేదు. ఇద్దరి ముందూ అదే ప్రశ్నాపత్రం ఉంటుంది.

వయసు విషయంలోనూ అనవసరమైన భయం ఉంది. ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండితే చాలు. గరిష్ఠ వయోపరిమితిని 2022లో తొలగించారు. ఎన్నిసార్లు రాయవచ్చునన్న లెక్క కూడా లేదు. హిఫ్జ్ కోసం మూడేళ్లు బడికి దూరమైన హాఫిజ్‌కు గానీ, తండ్రి జబ్బుపడి రెండేళ్లు దుకాణం చూసుకున్న కొడుకుకు గానీ ఆ సంవత్సరాల వల్ల తలుపు మూసుకుపోదు.

మరో అపోహ పర్సంటైల్ గురించి. జనరల్ అభ్యర్థులకు 50వ పర్సంటైల్ రావాలంటే నూటికి 50 మార్కులు రావాలని చాలామంది అనుకుంటారు. అది తప్పు. పరీక్ష రాసినవారిలో సగం మంది కంటే పైన ఉండాలని దాని అర్థం. 2025లో ఆ గీత 720కి 144 మార్కుల దగ్గర పడింది. బి.సి. అభ్యర్థులకు 40వ పర్సంటైల్, అంటే 113 మార్కులు. అయితే ఇది అర్హత మాత్రమే, సీటు కాదు. సీటు ర్యాంకును బట్టి, కౌన్సెలింగ్‌ను బట్టి వస్తుంది. దంతవైద్య సీట్లు కొన్ని సంవత్సరాల్లో వేల సంఖ్యలో మిగిలిపోయిన మాట వాస్తవం. 2020–21 సంవత్సరానికి అలా మిగిలిన సీట్ల కోసం అర్హతను పది పర్సంటైల్ తగ్గించాలని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అలాంటి సడలింపు వస్తుందని కూర్చోవడం మాత్రం తెలివి కాదు.

అమెరికాలో స్థిరపడిన మన బంధువుల పిల్లల సంగతి వేరు. హైదరాబాదు నుంచి వెళ్లి చికాగోలో ఉంటున్న కుటుంబాల్లో పిల్లలు ముందు నాలుగేళ్ల కాలేజీ చదివి ఆ తరువాత దంత కళాశాలకు దరఖాస్తు చేస్తారు. అక్కడ కాలేజీ మొదటి సంవత్సరంలో వచ్చిన చెడ్డ గ్రేడు చెరిగిపోదు. అదే పాఠం మళ్లీ చదివి మంచి గ్రేడు తెచ్చుకున్నా ఉమ్మడి దరఖాస్తులో రెండు గ్రేడ్లనూ కలిపి సగటు కడతారు. అయినా ఆ తరువాతి సంవత్సరాల్లో గ్రేడ్లు పెరుగుతూ వచ్చాయా, ప్రవేశపరీక్ష ఎలా రాశారు అన్నది అక్కడి కమిటీలు పరిశీలిస్తాయి. డిగ్రీ అయిన తరువాత ఒకటి రెండేళ్లు సైన్సు పాఠాలు అదనంగా చదివి తమ సామర్థ్యం నిరూపించుకునే వాళ్లూ ఉన్నారు. పాత లెక్క చెరిగిపోయే మన దేశంలో కూర్చుని మనం ఆశ వదులుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

వెనుకబాటుకు కారణం వెదకండి

తక్కువ మార్కులన్నీ మందబుద్ధి వల్ల వచ్చినవి కావు. మన పిల్లల్లో చాలామంది పదో తరగతి దాకా ఉర్దూ మాధ్యమంలో చదివి, ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు మాధ్యమంలో పడతారు. "జియాయీ తాలీఫ్"ను "కిరణజన్య సంయోగక్రియ"గానో, దానికి ఇంగ్లీషు మాటగానో కొత్తగా నేర్చుకునేసరికే సంవత్సరం సగం గడిచిపోతుంది. తండ్రి గల్ఫ్‌లో ఉంటే ఇంటి బయటి పనులన్నీ పెద్ద కొడుకు మీద పడతాయి. ఆడపిల్ల అయితే తల్లికి సాయం, తమ్ముళ్ల ఆలనా పాలనా. ముస్లిం పిల్లలు చదువు మధ్యలో ఆగిపోతున్న తీరును 2006లో సచార్ కమిటీ దేశం ముందు పెట్టింది. కారణం తెలిస్తేనే చికిత్స చేయగలం. పంటి నొప్పికి కారణం తెలుసుకోకుండా నొప్పి మాత్రలు మింగితే ఏమవుతుందో దంతవైద్యుడు కాదలచిన పిల్లవాడికి వేరే చెప్పనక్కరలేదు.

మనకు దగ్గరలోనే ఒక ఉదాహరణ ఉంది. జహీరాబాదు దాటితే వచ్చే బీదరులో 1989లో అబ్దుల్ ఖదీర్ గారు ప్రారంభించిన షాహీన్ విద్యాసంస్థలు బడి మానేసిన పిల్లలను, హిఫ్జ్ పూర్తిచేసిన హాఫిజ్‌లను విడిగా కూర్చోబెట్టి చదివిస్తున్నాయి. ఆ విభాగానికి వాళ్లు పెట్టుకున్న పేరే "అకడమిక్ ఇంటెన్సివ్ కేర్ యూనిట్". ఆస్పత్రిలో ప్రమాదస్థితిలో ఉన్న రోగిని ఎలా చూసుకుంటారో చదువులో వెనుకబడినవారిని అలా చూసుకోవాలన్నది దాని భావం. ఖురాన్‌ను కంఠస్థం చేసిన పిల్లవాడికి జ్ఞాపకశక్తి, కూర్చుని శ్రమించే ఓపిక రెండూ ఉంటాయి. అతనికి లేనివి లెక్కలు, భాష. ఆ రెండూ నేర్పితే నీట్ రాసి వైద్యకళాశాలకు చేరగలడని అక్కడి హాఫిజ్‌లు నిరూపించారు.

పునాది మళ్లీ వేసుకోవాలి

తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన లోపలికి నడిచే బలం వచ్చినట్లు కాదు. ఒంటెను ముందు కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని మహాప్రవక్త (స) బోధించిన సంగతి మనందరికీ తెలుసు. కట్టడమంటే ఇక్కడ పునాదిని బాగు చేసుకోవడం.

నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. సగం పరీక్ష బయాలజీయే కాబట్టి చదువులో వెనుకబడిన విద్యార్థి అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి 11, 12 తరగతుల పుస్తకాలను వరుసగా, ఏ పేరా వదలకుండా చదవాలి. ఈ పుస్తకాలు ఉర్దూలోనూ దొరుకుతాయి. ఉర్దూ మాధ్యమంలో చదివినవారు ఒక పాఠాన్ని ముందు ఉర్దూలో చదివి అర్థం చేసుకుని, అదే పాఠాన్ని ఇంగ్లీషులో చదివితే మాటలు వాటంతట అవే పట్టుబడతాయి.

ఫిజిక్స్‌లో తడబడేవారు నేరుగా 11వ తరగతి పుస్తకం పట్టుకుని కుస్తీ పట్టకూడదు. 8, 9, 10 తరగతుల లెక్కల్లోకి వెనక్కి వెళ్లాలి. నిష్పత్తులు, భిన్నాలు, ఘాతాలు, గ్రాఫులు, త్రికోణమితి రాకుండా ఫిజిక్స్ రాదు. పద్దెనిమిదేళ్లవాడు ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం ముందు పెట్టుకుంటే ఇంట్లో ఎవరూ నవ్వకూడదు. అలా నవ్వినందువల్లే ఎందరో రానిది వచ్చినట్లు నటించి పరీక్షలో పడిపోతున్నారు.

ప్రతి మోడల్ పరీక్ష తరువాత తప్పులను విడిగా ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. విషయం తెలియక పోయిందా, తెలిసీ తొందరలో పోయిందా, ఊహించి పెట్టి పోగొట్టుకున్నామా అని పక్కనే గుర్తు పెట్టుకోవాలి. మూడు నెలల్లో ఏ రోగం తగ్గిందో, ఏది తగ్గలేదో ఆ పుస్తకమే చెబుతుంది. మార్కులు క్రమంగా పెరుగుతుంటే ఇంకో సంవత్సరం ఇవ్వడం సబబు. రెండేళ్లు నిజాయితీగా శ్రమించినా కదలిక లేకపోతే దారి మార్చుకోవడంలో అవమానం లేదు. డెంటల్ మెకానిక్, డెంటల్ హైజీనిస్ట్ అనే రెండేళ్ల డిప్లొమాలు ఉన్నాయి. కట్టుడు పళ్లు తయారుచేసే పని నేర్చుకున్నవాడు హలాల్ రోజీతో కుటుంబాన్ని పోషించుకోగలడు.

నీట్‌ను తెలుగులో రాయవచ్చు. 2018 నుంచి ఉర్దూలోనూ రాసే వీలుంది. కానీ బి.డి.ఎస్. పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటాయి గనుక ఆ భాషను వాయిదా వేయడం మంచిది కాదు. బురఖా, హిజాబ్ ధరించే ఆడపిల్లలు ఆ రోజు కేంద్రానికి ముందుగా చేరుకోవాలి. సంప్రదాయ దుస్తులు ధరించేవారిని తనిఖీ చేయడానికి సమయం కేటాయిస్తారు.

కాగితాలు సరిచూసుకోండి

మెహనత్ చేసి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు సర్టిఫికెట్ల దగ్గర దెబ్బతినడం బాధాకరం. మన పేర్లతో వచ్చే చిక్కు అందరికీ తెలిసిందే. పదో తరగతి మెమోలో "షేక్", ఆధార్‌లో "షైక్", కుల ధ్రువీకరణలో "ఎస్.కె." అని ఉంటుంది. తండ్రి పేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక. ఇవన్నీ నీట్ దరఖాస్తుకు ముందే, పదో తరగతి మెమోకు అనుగుణంగా సరిచేయించుకోవాలి.

రెండవది స్థానికత. తెలంగాణలో ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ వరుసగా రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. పిల్లవాడిని మదరసా కోసమో, కోచింగ్ కోసమో పక్క రాష్ట్రానికి పంపి అక్కడే ఇంటర్ చదివించే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. ఇంటర్ ఇక్కడ పూర్తిచేయించి, ఆ తరువాత కోచింగ్‌కు పంపడం క్షేమం. ఆంధ్రప్రదేశ్‌లోనూ స్టడీ సర్టిఫికెట్లను చూసే స్థానికత నిర్ణయిస్తారు కాబట్టి ఏ ఒక్క సంవత్సరానిదీ పోగొట్టుకోవద్దు.

మూడవది కౌన్సెలింగ్. తెలంగాణలో వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం దీనిని నిర్వహిస్తాయి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు కూడా నీట్ అర్హత తప్పనిసరి. "నీట్ లేకపోయినా సీటు ఇప్పిస్తాను" అనేవాడు మోసగాడు. డొనేషన్ వసూలును మన రాష్ట్రంలో 1983లోనే చట్టం నిషేధించింది. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా దంతవైద్య కళాశాల, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలోని డాక్టర్ జియావుద్దీన్ అహ్మద్ దంత కళాశాల కూడా నీట్ ర్యాంకుతోనే సీట్లు ఇస్తాయి.

రిజర్వేషన్, జకాత్, అప్పు

2007 చట్టం ప్రకారం ముస్లింలలోని 14 సామాజిక వర్గాలకు బి.సి.–ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మేరకు అది కొనసాగుతోంది. షేక్‌లు ఇందులో ఉన్నారు. దూదేకుల, నూర్‌బాషా సోదరులు బి.సి.–బి లో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ తదితరులు బి.సి.–ఇ లో లేరు. కేంద్ర ప్రభుత్వ ఓ.బి.సి. జాబితా వేరు. రాష్ట్రంలో బి.సి. అయినంత మాత్రాన అఖిల భారత కోటాలో ఓ.బి.సి. అయిపోరు. రిజర్వేషన్ లేని కుటుంబాలకు వార్షికాదాయం 8 లక్షల లోపు ఉంటే ఇ.డబ్ల్యు.ఎస్. ధ్రువీకరణ పొందే వీలుంది. అఖిల భారత కోటాలో 2021 నుంచి దీనికి 10 శాతం సీట్లు ఉన్నాయి. తనది కాని వర్గం పేరుతో ధ్రువీకరణ తెచ్చుకోవడం మాత్రం చట్టరీత్యా నేరం, షరీఅత్ రీత్యా మోసం. మోసగించేవాడు తన సమాజానికి చెందినవాడు కాడని ప్రవక్త (స) హెచ్చరించారు. మరో పేదవాడి సీటు లాక్కుని డాక్టరు అయినవాడి సంపాదనలో బర్కత్ ఎక్కడిది?

జకాత్ విషయంలో ఒక మాట. నిరుపేద విద్యార్థి జకాత్‌కు అర్హుడే. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఆ సొమ్మును అతని చేతికిచ్చి యజమానిని చేయాలి. ఆ తరువాత దానితో అతడు ఫీజు కట్టుకుంటాడు. సయ్యద్ కుటుంబాల పిల్లలకు జకాత్ ఇవ్వకూడదు. అంటే పేద సయ్యద్ పిల్లవాడికి ఇటు బి.సి.–ఇ రిజర్వేషనూ లేదు, అటు జకాతూ లేదు. అటువంటివారిని లిల్లాహ్, అతియా సొమ్ముతో గౌరవంగా ఆదుకోవడం బస్తీలోని స్తోమత గలవారి బాధ్యత. ప్రతి మస్జిద్ కమిటీ రమజానులో వచ్చే సొమ్ములో కొంత ఒక్కరిద్దరు విద్యార్థుల కోసం కేటాయించి, ఎవరికిచ్చిందీ బయటపెట్టకుండా ఉంటే ఎంత బాగుంటుంది!

ఇక అప్పు. వడ్డీ అప్పుతో, ఇల్లు తాకట్టు పెట్టి మేనేజ్‌మెంట్ సీటు కొనే ముందు తల్లిదండ్రులు ముఫ్తీ సాహెబ్‌నూ, లెక్క తెలిసిన పెద్దమనిషినీ ఇద్దరినీ అడగాలి. బి.డి.ఎస్. ముగిసిన మరునాటి నుంచే డబ్బు వచ్చిపడదు. మొదటి కొన్నేళ్లు మరొకరి క్లినిక్‌లో తక్కువ జీతానికి పనిచేయక తప్పదు. ఇంకో సంవత్సరం చదివి కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకోగల పిల్లవాడిని తొందరపెట్టి ఇల్లు పోగొట్టుకోవద్దు.

సీటు వచ్చాక అసలు పరీక్ష

బి.డి.ఎస్. నాలుగేళ్ల చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్. మొదటి సంవత్సరమే మానవ శరీర నిర్మాణం, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, దంత నిర్మాణం వరుసగా మీదపడతాయి. మూడేళ్లలో మొదటి సంవత్సరం సబ్జెక్టులన్నీ పాస్ కాకపోతే కోర్సు నుంచి తొలగిస్తారు. చివరి సంవత్సరంలో ఎనిమిది సబ్జెక్టులు. తక్కువ ర్యాంకుతో చేరినవారు మొదటి నెల నుంచే జాగ్రత్తపడాలి. ఇంట్లో పెళ్లిళ్లు, పండుగల పేరుతో పిల్లలను వారం వారం పిలిపించే అలవాటు ఆ సంవత్సరమైనా మానుకోవాలి.

ఇది కేవలం మార్కుల విషయం కాదు. వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగిస్తే దానికి అతడే బాధ్యుడని ప్రవక్త (స) సెలవిచ్చారు. మత్తు సూది ఎక్కడ వేయాలో తెలియని చేతిలో రోగి దవడ పెట్టడం అమానత్‌లో ఖియానత్. పాత బలహీనతను దాచిపెట్టి నెట్టుకొచ్చేవాడు రోగికి ప్రమాదం. దాన్ని ఒప్పుకుని బాగుచేసుకున్నవాడు నమ్మదగిన వైద్యుడవుతాడు.

మార్కుల జాబితాలో కనిపించని యోగ్యత ఒకటి దంతవైద్యానికి కావాలి. అదే చేతి పనితనం. మొదటి సంవత్సరం విద్యార్థుల చేత మైనపు ముద్దను చెక్కించి ఒక్కొక్క పంటి ఆకారాన్ని కొలతల ప్రకారం తీయిస్తారు. నాన్న గడియారాల దుకాణంలో చిన్న స్క్రూలు బిగించిన కొడుకు, నానీ పక్కన కార్చోబ్ ముందు కూర్చుని జర్దోజీ కుట్టిన కూతురు అక్కడ వెనుకబడరు. లాడ్ బజార్‌లో లక్క గాజులకు రాళ్లు పొదిగే చేతికి ఉన్న స్థిరత్వం ఏ ర్యాంకు కార్డులోనూ ఉండదు.

ఈ విద్య మనకు పరాయిది కాదు. ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహ్ అలైహ్) వైద్యాన్ని ఫర్జె కిఫాయాగా పేర్కొన్నారు. బస్తీలో ఎవరూ నేర్వకపోతే బాధ్యత అందరి మీదా ఉంటుంది. పళ్ల గార తీసే పనిముట్లను, కదిలే పళ్లను బంగారు తీగతో కట్టే పద్ధతిని వెయ్యేళ్ల క్రితం అందలూసియాలో అల్ జహ్రావీ వివరించారు. మన దేశంలో మొట్టమొదటి దంత కళాశాలను 1920లో కలకత్తాలో స్థాపించిన వారు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. అమెరికాలోని అయోవాలో 1915లో పట్టా పుచ్చుకుని వచ్చి, సోడా ఫౌంటెన్ దుకాణం నడిపి ఆ ఆదాయంతో కళాశాలను నిలబెట్టారు. 1949లో దానిని ప్రభుత్వానికి అప్పగించారు. 1964లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన పుట్టిన డిసెంబరు 24ను దేశంలో దంతవైద్యుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

మిస్వాక్‌కు అంత ప్రాముఖ్యమిచ్చిన ధర్మాన్ని అనుసరించే సమాజంలో, నోటి జబ్బును మగ డాక్టరుకు చూపించుకోలేక ఏళ్ల తరబడి నొప్పి భరించే తల్లులు ఎందరో ఉన్నారు. వారికి చికిత్స చేయగల కూతుళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. మార్కులు తక్కువ వచ్చాయని ఆ కూతురి పుస్తకాలు పాతసామానులవాడికి అమ్మే ముందు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "ఎక్కడ అర్థం కాలేదు బేటీ?" అని ఒక్కసారి అడగండి. ఆమె చెప్పే జవాబుతోనే పని మొదలవుతుంది. పాటుపడినదానికి ఫలితం ఇచ్చేవాడు అల్లాహ్. మన పిల్లలకు ఉపయోగపడే విద్యను, దానిని అమానత్‌గా వాడే మనసును ఆయన ప్రసాదించుగాక! ఆమీన్.